జమ్మలమడుగు చాప

మా ముత్తాత పెద్ద ఓబుళరెడ్డి అరుగు మీద కూర్చుంటే ఆ వీధిలో చెప్పులు వేసుకొని నడిచిన మనిషి లేడని మా ఊరిలో చెప్పుకునేవారు. మా తాత గంగిరెడ్డి ఊరికి మునసబు. జమ్మలమడుగు నుంచి వచ్చిన అధికారుల గుర్రాలను మా కొట్టంలోనే కట్టేవారు. మా నాయన శివారెడ్డి కాలానికి మునసబు పని పోయింది, భూమి చాలా వరకు పోయింది, మాట మాత్రం మిగిలింది. ఊరి బడికి స్థలం ఇచ్చింది ఆయనే. నా దాకా వచ్చేసరికి ఆ మాట కూడా పలచబడింది. మిగిలింది బడి కమిటీ అధ్యక్ష పదవి ఒక్కటే. నేను ఆ కుర్చీలో మా తాత కూర్చున్నట్టే కూర్చునేవాణ్ణి.

గొప్ప చెప్పుకోవడానికి ఇదంతా రాయలేదు. ఒక మనిషికి నేను చేసిన అన్యాయాన్ని చెప్పాలంటే, అది ఏ పొగరుతో చేశానో ముందు చెప్పాలి.

నెల కిందట ఒక పొద్దున మా అమ్మాయి శ్రావణి తన ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆమెకు ఇరవై ఏళ్లు. ఎవరికి ఏం చెప్పాలన్నా ఫోనులో మాట్లాడి ఆ గొంతునే పంపుతుంది. ఎవరైనా అక్షరాల్లో రాసి పంపితే నా దగ్గరికో, వాళ్లమ్మ దగ్గరికో తెస్తుంది.

"ఏం రాసినారు నాయనా దీంట్లో? మా సారు ఫోటో ఉండాది."

ఫోటో చుట్టూ పూలదండ ఉంది. నిన్న సాయంత్రం జమ్మలమడుగులో కాలం చేశారని, ఈ రోజు మధ్యాహ్నం తీసుకుపోతారని రాసి ఉంది. చదివి వినిపించాను. శ్రావణి ఫోను తీసుకొని, "పోదాం నాయనా" అంది.

ఆయన మా ఊరి బడికి వచ్చినప్పుడు శ్రావణి నాలుగో తరగతి. కొత్తగా వచ్చిన అయ్యవారు మొదటి రోజే మా ఇంటికి వచ్చి కనపడి పోవడం మా ఊరి ఆచారం. ఆయన రాలేదు. వారం తర్వాత వచ్చాడు గాని, కనపడటానికి కాదు.

"పాత పెండ్లి పత్రికలు ఉంటే ఇస్తారా అప్పా? మందంగా ఉండేవి."

"ఏంటికి?"

"కిటికీలు కోస్తా."

ఏం కిటికీలో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఒక సంచి నిండా పత్రికలు వేసుకొని, నమస్కారం కూడా మరిచిపోయి వెళ్లిపోయాడు. తర్వాత తెలిసింది, ఊరిలో ప్రతి ఇంటి ముందూ అట్లాగే చేయి చాచాడని.

మనిషి పొడుగు, కొంచెం వంగిన వీపు. తెల్ల ప్యాంటే వేసేవాడు. పొద్దున మోపెడ్ దిగినప్పుడు అది తెల్లగా ఉండేది, పదకొండు గంటలకు మోకాళ్ల దగ్గర మట్టిరంగుకు తిరిగేది. ఎందుకంటే ఆయన కుర్చీలో కూర్చోడు. ఆ కుర్చీని ఒక కాలు సరిగా రాని పిల్లవాడికి ఇచ్చేశాడు. నేల మీద చతికిలబడి, ఒక పిల్ల దగ్గరి నుంచి ఇంకో పిల్ల దగ్గరికి మోకాళ్ల మీదే జరిగేవాడు. అయ్యవారు మోకాళ్ల మీద పాకడం మా ఊరు అంతకు ముందు చూడలేదు.

మూడు, నాలుగు, ఐదు తరగతులకు ఒకే గది. ఆయన వచ్చిన నెలకు బల్లలన్నీ గోడకు నెట్టించి నేల మీద మూడు చాపలు పరిచాడు. అంతకు ముందు ఒక్కొక్క పిల్లను విడిగా పిలిచి చదివించి చూశాడట. తరగతిని బట్టి కాకుండా, ఎవరికి ఎంత వచ్చునో దాన్ని బట్టి చాప మీద కూర్చోబెట్టాడు. చాపలకు ఒకటి, రెండు, మూడు అని పేర్లు పెట్టలేదు. మా ఊరి మీదుగా పోయే బస్సు దారిలోని ఊళ్ల పేర్లు పెట్టాడు. అక్షరాలు కూడబలుక్కునే వాళ్లది జమ్మలమడుగు చాప, మాటలు చదివే వాళ్లది ముద్దనూరు చాప, పాఠం చదివి అర్థం చెప్పే వాళ్లది పులివెందుల చాప. ఎవరైనా ఒక చాప నుంచి ఇంకో చాపకు మారే రోజున కండక్టరు మాదిరి విజిల్ ఊది, "రైట్ రైట్" అని అరిచేవాడు. ఆ అరుపు మా అరుగు దాకా వినపడేది. నాకు ఒళ్లు మండేది.

ఒకే పాఠాన్ని మూడు చాపలకు మూడు విధాలుగా చెప్పేవాడు. పరీక్ష కాగితాలు ఎవరివి వాళ్లకు వేరు. పాత క్యాలెండరు కాగితాల వెనుక చేత్తో రాసి తెచ్చేవాడు. ఏ పిల్ల అయినా తప్పు జవాబు చెబితే తప్పు అనేవాడు కాదు. దగ్గరికి జరిగి, "యా దావన వచ్చినావు పాపా?" అని అడిగేవాడు. ఆ పిల్ల తాను ఎట్లా లెక్క వేసిందో మొదటి నుంచి చెప్పాలి. చెబుతూ చెబుతూ సగంలో నాలుక కరుచుకునేది. "ఆడ దావ తప్పితివి గదా. సరే, ఆడికే పొయ్యి మళ్లా రా," అనేవాడు.

గొర్రెలు కాచే రామక్క కూతురు గంగ ఆ బడిలోనే ఐదో తరగతి. చేలల్లో పైరు లేచి మేతకు చోటు లేకపోతే వాళ్లు మందను తోలుకొని మూడు నెలలు నంద్యాల వైపు పోతారు. పాత అయ్యవార్లు ఆ మూడు నెలలూ గంగ పేరు ముందు ఏదో ఒకటి రాసి వదిలేసేవారు. ఈయన మాత్రం రోజూ మూడున్నరకు రామక్క మొగుడి ఫోనుకు చేసి, అందరికీ వినపడేట్టు పెట్టి గంగతో మాట్లాడేవాడు. అట్లాంటి ఒక సాయంత్రం హాజరు పట్టీ చూడటానికి పోయి నేనూ విన్నాను.

"గంగా, ఈ పొద్దు ఎన్ని గొర్రెలు ఈనినాయి?"

"మూడు సార్. దాంట్లో ఒగటి జంట పిల్లల్ని ఏసింది."

"అయితే మంద ఎంతాయ?"

"నిన్నటి లెక్క మీకు గుర్తుండాదా సార్?"

గదంతా ఘొల్లుమంది. ఆయన కూడా నవ్వి, "నాకు ల్యా తల్లీ, నువ్వు చెప్తేనే," అన్నాడు. గంగ చెప్పింది. జమ్మలమడుగు చాప వాళ్లు ఆ అంకె రాశారు, ముద్దనూరు వాళ్లు నిన్నటిది ఎంతో కనుక్కున్నారు, పులివెందుల వాళ్లు ఇట్లా ఈనుతూ పోతే నెలకు ఎంతవుతుందో వేశారు. నేను హాజరు పట్టీ తెరవకుండానే ఇంటికి వచ్చాను. అది పాఠమని ఒప్పుకోవడానికి నాకు మనసు రాలేదు.

మా ఇంటి పిల్లలు ఆ బడిలో ఎప్పుడూ మొదటి ర్యాంకే. మా నాయనది మొదటి ర్యాంకు, నాది మొదటి ర్యాంకు. శ్రావణి కూడా ఒకటి, రెండు, మూడు తరగతుల్లో మొదటి ర్యాంకే. ముందు వరసలో మొదటి బల్ల మా పిల్లలదని ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలుసు. అటువంటిది, ఒక రోజు కమిటీ సంతకాల కోసం బడికి పోతే, శ్రావణి నేల మీద గంగ తమ్ముడి పక్కన కూర్చొని ఉంది. అది ఏ చాప అని ఒక పిల్లను అడిగాను. "జమ్మలమడుగు" అని చెప్పింది.

ఆ సాయంత్రం ఆయనే మా ఇంటికి వచ్చాడు. అరుగు చివర కూర్చొని శ్రావణి పాత నోటుపుస్తకాలు తెరిచి చూపించాడు. ముత్యాల్లాంటి అక్షరాలు.

"పాప రాయడంల్యా అప్పా. బొమ్మ గీసినట్టు గీస్తాంది. చదవను రాదు."

"మా పాప పాఠం మొత్తం ఒప్పజెప్తాది. నేనే విన్యా."

"ఒప్పజెప్తాది. ఇంకొకరు చదువుతాంటే విని పట్టుకుంటాది, శానా తెలివైన పిల్ల. వేలు పెట్టి చదవమని చూడండి. నోరు నాలుగో వరసలో ఉంటాది, వేలు మొదటి వరసలోనే ఉంటాది. ఆ పిల్ల కంటికి అచ్చరాలు నిలబడవు, కదులుతాంటాయి."

"మూడేండ్లు మొదటి ర్యాంకు వచ్చిన పిల్లకు అచ్చరాలు రావంటావా?"

ఆయన పుస్తకాలు మూసి సంచిలో పెట్టుకున్నాడు. "ఆ ర్యాంకు మీ ఇంటికి ఏసినారప్పా. పాపకు గాదు."

ఆ మాట నన్ను ఎక్కడ తాకాలో అక్కడ తాకింది. అది నిజమని ఆ క్షణమే తెలిసింది కాబట్టే అంత తాకింది. నా సొంత ర్యాంకులు ఎట్లా వచ్చాయో కూడా ఆ రోజు నుంచి నాకు అనుమానమే.

"మా ఇంటి పిల్లను గొర్రెలోళ్ల పిల్లల పక్కన చాప మీద కూచోబెడితివి," అన్నాను.

"నేను గూడా ఆ చాప మీదనే కూచుంటా అప్పా. మా ఊరి పేరు పెట్టిందే అందుకు. ఉగాది దాకా టైమియ్యండి. పాప చదువుతాది."

మా తాత అరుగు మీద కూర్చొని మా తాత ఎరగని మాట ఒకటి నాకు చెప్పిపోయాడు. నేను లేచి నిలబడలేదు, పంపించడానికి గడప దాకా పోలేదు.

పెండ్లి పత్రికల కిటికీలు ఏమిటో తర్వాత తెలిసింది. అట్ట మధ్యలో ఒక మాట పట్టేంత సందు కోసి ఇచ్చాడు. పుస్తకం మీద పెట్టి జరుపుతుంటే ఒక్కొక్క మాటే కనపడుతుంది, మిగతావి కనపడవు. కార్తీకం దాటిన తర్వాత ఒక సాయంత్రం శ్రావణి వంటింట్లో ఆ అట్టను బియ్యం సంచి మీద పెట్టి, దాని మీద ఉన్న మూడు మాటలు వాళ్లమ్మకు చదివి వినిపించిందట. నా భార్య పరుగెత్తుకొని వచ్చి చెప్పింది. "బియ్యం సంచి చదవడానికా బడికి పంపిస్తాండేది?" అన్నాను. ఆ అట్ట కనపడితే చింపి పొయ్యిలో వేశాను. ఇంకొకటి కోసి ఇచ్చాడని తర్వాత తెలిసింది.

ఆయన అడిగిన గడువు ఉగాది. నేను అప్పటి దాకా ఆగలేదు. దానికి కారణం ఒక చిన్న మాట. ఊరిలో టీ అంగడి దగ్గర వరసకు అల్లుడయ్యే ఒకాయన పదిమందిలో నవ్వుతూ అడిగాడు.

"ఏం మామా, పెద్దింటి పాప ఇంకా జమ్మలమడుగులోనే ఉండాదంట గదా. బస్సు కదల్లేదా?"

అందరూ నవ్వారు. మా వీధిలో చెప్పులు విడిచి నడిచిన వాళ్ల మనవళ్లు కూడా నవ్వారు. నేను టీ తాగకుండానే లేచాను. నిజానికి శ్రావణి ఆ వారమే ముద్దనూరు చాపకు మారింది. ఆయన విజిల్ ఊది ఉంటాడు, మా అరుగు దాకా వినపడే ఉంటుంది. ఎవరి కోసం ఊదాడో నేను అడగలేదు.

మరుసటి రోజు కమిటీని పిలిచి తీర్మానం రాశాను. పిల్లలను చాపలుగా విడగొట్టి తక్కువ చేస్తున్నారని, తరగతికంతా ఒకే పాఠం చెప్పడం లేదని, విజిళ్లతో, ఫోను మాటలతో కాలం గడుపుతున్నారని రాశాను. ఒక్కొక్క వాక్యం విడిగా చూస్తే ఏదీ అబద్ధం కాదు. ఈయనను ఇక్కడి నుంచి మార్చాలని చివర కోరాను. మిగతా సభ్యులు నా మొహం చూసి సంతకాలు చేశారు. గంగ తల్లి రామక్క కూడా సభ్యురాలే. ఆమెకు చదువు రాదు, అంతకు ముందు ప్రతిసారీ వేలిముద్రే. ఇంకు డబ్బీ ఆమె ముందుకు జరిపాను.

"ఏం రాసినావు రెడ్డీ దీంట్లో?" అని అడిగింది.

అప్పుడు నేను అబద్ధం చెప్పాను. "సారుకు మంచి జరగాలని రాసినాం."

ఆమె మొహం వెలిగిపోయింది. "అయితే వేలిముద్ర వద్దప్పా. నేనే రాస్తా. సారు నేర్పించినాడు."

గంగను తీసుకుపోవడానికి సాయంత్రాలు వచ్చి బడి వసారాలో కూర్చునేదట. ఊరికే కూర్చోవడం ఎందుకని ఆయన ఆమెకు పలక ఇచ్చాడట. ఆమె పెన్ను పిడికిలితో పట్టుకుంది. మొదటి అక్షరం మరీ పెద్దదైపోయింది. చివరి అక్షరానికి కాగితంలో చోటు చాలక కిందికి దిగి రాసింది. రాయడం అయ్యాక తల పక్కకు వాల్చి చూసుకొని, "బాగుండాదా?" అని నన్నే అడిగింది. "బాగుంది" అన్నాను. జీవితంలో ఆమె మొదటిసారి తన పేరు రాసిన కాగితం అదే.

నెల తిరగకముందే ఆయనను సర్దుబాటు కింద దూరపు ఊరి బడికి వేశారు. పోయే రోజు సాయంత్రం మోపెడ్ మీద మా ఇంటి ముందు ఆగాడు, దిగలేదు. నేను అరుగు మీద ఉన్నాను.

"ఆఫీసులో కాగితం సూపించినారు అప్పా," అన్నాడు. నేను వెన్ను నిటారుగా పెట్టి, రాబోయే మాటకు సిద్ధంగా కూర్చున్నాను.

"రామక్క పేరు శానా బాగా రాసింది గదా?" అన్నాడు. బండి తిప్పుకొని వెళ్లిపోయాడు.

అది ఎత్తిపొడుపో, నిజమైన సంతోషమో నాకు ఈనాటికీ తెలియదు. ఎత్తిపొడుపే అయి ఉంటే బాగుండునని అనుకుంటాను. ఆయన మొహం మాత్రం, ఎవరో ఒక పిల్ల చాప మారినప్పటి మాదిరే ఉంది.

తర్వాత వచ్చిన అయ్యవారు మొదటి రోజే మా ఇంటికి వచ్చి కనపడ్డాడు. బల్లలు మళ్లీ వరసలోకి వచ్చాయి. శ్రావణి మొదటి బల్ల మీదికి వచ్చింది. ఆ ఏడాది కూడా ఆమెకు మొదటి ర్యాంకు. గంగను వాళ్ల మేనమామ తన ఊరికి తీసుకుపోయి చదివించాడు. ఇప్పుడు ఆ పిల్ల ప్రొద్దుటూరులో డిగ్రీ చదువుతోంది. సారు పోయిన సంగతి శ్రావణికి రాసి పంపింది ఆ పిల్లే.

జమ్మలమడుగులో ఆయన ఇంటి సందు నిండిపోయి ఉంది. ఎవరెవరో పిల్లలు, పెద్దవాళ్లైపోయిన పిల్లలు. పక్కన నిలబడిన ఒక డ్రైవరు, తనకు భాగహారం బస్సు టికెట్లతో నేర్పించాడని నాకు చెప్పి ఏడ్చాడు. నన్ను అక్కడ ఎవరూ గుర్తుపట్టలేదు. మీరెవరని కూడా అడగలేదు.

తిరుగు బస్సులో శ్రావణి నా పక్కన కూర్చుంది.

"నేను మొద్దుదాన్నని ఇడ్సిపెట్టి పోయినాడనుకున్యా నాయనా. నా వల్లనే సారు ఇసిగిపోయినాడని."

పదేళ్లకు పైగా ఆ పిల్ల అదే అనుకుంటూ పెరిగింది. నేను చెప్పకపోతే మిగతా బతుకంతా అదే అనుకుంటుంది. చెప్పాను. ర్యాంకుల మాట, టీ అంగడి మాట, తీర్మానం మాట, పొయ్యిలో వేసిన అట్ట మాట అన్నీ చెప్పాను. ఆమె కిటికీ వైపు తిరిగింది. మా ఊరి మలుపు వచ్చేదాకా నా వైపు చూడలేదు. దిగేముందు ఒక్కటే అడిగింది.

"రామక్కకు తెల్సునా?"

"తెలీదు."

"నువ్వే పొయ్యి చెప్పు."

మరుసటి రోజు పోయాను. రామక్క దొడ్లో మేకపిల్లలకు ఆకు వేస్తోంది. నిలబడే చెప్పాను. నిలబడే వింది. చేతిలోని కొమ్మ పక్కన పెట్టింది.

"ఆ పొద్దు ఇంటికొచ్చి మా ఆయనకు సెప్పుకుంటి రెడ్డీ. కాగితం మీద నా పేరు రాసినా, సారుకు మంచి జరుగుతాదని. సారు పోయినాక గూడా అట్లనే అనుకుంటి, యాడో పెద్ద బడికి పోయింటాడని."

పక్కన పెట్టిన కొమ్మ మళ్లీ చేతికి తీసుకుంది.

"నువ్వు సదివి సెప్పినది నమ్మితి. ఇప్పుడు గంగ సదివి సెప్పందే యాడా రాయను."

నేను ఎప్పుడు పోయినా మజ్జిగ తాగి పొమ్మనే మనిషి, ఆ రోజు అనలేదు.

ఒక్క సంగతి వాళ్లిద్దరికీ చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను. శ్రావణికి పన్నెండేళ్లప్పుడు, వేసవిలో, ప్రొద్దుటూరులో ఒక కళ్లద్దాల అంగడి ముందు ఆయన నాకు ఎదురయ్యాడు. కొత్త అద్దాలు పెట్టుకొని, అవి సరిగా కుదిరాయో లేదో చూసుకుంటూ ఎదురుగా ఉన్న బోర్డులన్నీ పిల్లల మాదిరి గట్టిగా చదువుతున్నాడు. నన్ను చూసి నవ్వాడు. పాత సంగతి ఒక్కటీ ఎత్తలేదు.

"పాప చదువుతాందా అప్పా?"

నా చేతిలో హాస్టలు బడి దరఖాస్తు ఉంది. శ్రావణి ఆరో తరగతి పుస్తకంలో ఒక్క వరస చదవలేకనే ఆ దరఖాస్తు. దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను.

"శానా బాగా చదువుతాంది," అన్నాను.

ఆయన మొహం నిండా సంతోషం. "నాకు తెల్సు. కిటికీ పెట్టి జరిపితే పరిగెత్తే పిల్ల ఆ పిల్ల. ఆదివారం పూట జమ్మలమడుగులో మా ఇంట్లోనే కొంతమందిని కూచోబెట్టుకుంటాండా. ఊరికేనే. మీ ఊర్లో ఎవరైనా చదవలేక తడుముకుంటాంటే పంపించండి."

"సరే" అన్నాను. ఆయన మళ్లీ బోర్డులు చదువుకుంటూ వెళ్లిపోయాడు.

మా ఊరి నుంచి జమ్మలమడుగుకు బస్సులో గంట దారి. శ్రావణిని ఒక్క ఆదివారం కూడా పంపలేదు. ఆ జూన్‌లో లింగాల దారిలోని నాలుగెకరాల చీనీ బత్తాయి తోటను కలమల్ల థర్మల్ ప్లాంటులో పనిచేసే ఒకాయనకు అమ్మి, ఆమెను ప్రొద్దుటూరు హాస్టలు బడిలో చేర్చాను.